చాక్‌పీసు పెట్టిన ఒక్క స్టారు

భిలాయి, సెక్టర్ రెండు. ఆదివారం పొద్దున్న, ఉప్మా ప్లేట్లు ఇంకా లోపలికి వెళ్ళని వేళ. రైలు పట్టాల మిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు తనిఖీ చేసి రిటైరైన త్రినాథరావు గారు కొడుకు క్వార్టరు వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వెంట్రుకంత పగులునైనా వదలని కళ్ళు ఆయనవని మిల్లంతా చెప్పుకునేవారు. పేపరు తలకిందులుగా పట్టుకున్న సంగతి మాత్రం ఎదురుగా నిలబడ్డ మనవరాలు రాజశ్రీ చెప్పేదాకా ఆయనకి తెలియలేదు.

"అందుకే అంటున్నా తాతా, తిప్పి పట్టుకో. అప్పుడు వెనకాల ఫోను ఇంకా బాగా కనపడుతుంది."

"ఫోనేటి? ఫోను లేదు. పేపరు చదువుతన్నాను."

"ఉల్టా పేపరా?"

"వాళ్ళే ఉల్టాగా అచ్చేసేరు. ఈ మధ్య అన్నీ అలాగే వస్తన్నాయి. తనిఖీ చేసే నాథుడు లేడు."

"పేపరు కింద ఏదో వెలుగుతోంది."

"ఎండ."

"ఎండ టింగ్ అంటుందా? ఇటివ్వు తాతా. ఇవ్వు. 'చాక్‌పీస్ గారూ, మీ కొత్త రివ్యూని నలభై మంది...' అరే. అరే తాతా. చాక్‌పీస్ నువ్వా?"

"ఏ చాక్‌పీసు?"

"కథల యాప్‌లో చాక్‌పీస్. పిల్లల నవలలన్నిటికీ స్టార్లు పెట్టి రివ్యూలు రాసే చాక్‌పీస్. పదకొండు వందల మంది ఫాలో అవుతారు. మా కాలేజీలో తెలుగు వాళ్ళందరికీ తెలుసు. ఎవరో హైదరాబాద్ ప్రొఫెసర్ అనుకుంటున్నాం. నువ్వా?"

"మెల్లగా మాట్లాడు. వంటింట్లో మీ మామ్మ ఉంది. విన్నాదంటే నలభై ఆరేళ్ళ పరువు పోద్ది."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళవుతాది. నువ్వే ఈ ఫోన్లో ఆ యాపు పెట్టి మర్చిపోయేవు. తియ్యడం నాకు రాలేదు. తియ్యడం రాక చదవడం మొదలెట్టేను."

"అందులో పెద్దవాళ్ళ కథలు కూడా ఉన్నాయి కదా. ఇవి పదిహేను, పదహారేళ్ళ పిల్లలు చదివేవి."

"పెద్దోళ్ళ కథల్లో అందరికీ షుగరూ బీపీయే. ఆఖర్న ఒకడు పోతాడు. దానికి కథెందుకు, మా రిటైరైనోళ్ళ వాట్సాప్ గ్రూపు చూస్తే చాలదేటి? ఈ పిల్లల కథల్లో ఎవడూ పోడు. పోయినా రెండో భాగంలో వచ్చేస్తాడు."

"డెబ్బై ఏళ్ళకి నువ్వు హాస్టల్లో పిశాచాల కథ చదువుతున్నావు."

"'రక్తచంద్రుడి హాస్టలు'. మూడు భాగాలూ చదివేను. మూడోది పక్కింటి జగ్గయ్య వాళ్ళింట్లో వ్రతంలో కూర్చుని చదివేను. సరిగ్గా పిశాచం తలుపు తీసే వేళకి పంతులుగారు ప్రసాదం చేతిలో పెట్టేరు. కెవ్వుమన్నాను. అందరూ భక్తి అనుకున్నారు."

"దానికి నువ్వు పంతొమ్మిది తప్పులు రాశావు."

"ఇరవై ఒకటి. రెండు తరవాత కలిపేను. పిశాచం మూడో అధ్యాయంలో ఎడం చెయ్యి కొరికిందా? అయిదో అధ్యాయంలో కట్టు కుడి చేతికుంది. పన్నెండో తరగతి గుంటడు రాజ్యం ఏలేస్తన్నాడు, బోర్డు పరీక్ష ఎప్పుడు రాసేడు? ఎక్కడా లేదు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు..."

"ముప్పై ఎనిమిదేళ్ళు పట్టాలు చూశావు. తెలుసు. పుట్టినప్పట్నుంచీ వింటున్నా."

"పట్టాని చూసినట్టే చూస్తాను దేన్నయినా. ఈ చివర్నించి ఆ చివరిదాకా వొంగి నడుస్తాను. పగులుందా, వంపుందా, మెలికుందా. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను. ఆ హాస్టలు రాసినోడు ఎంత మంచోడో తెల్సా? ఇరవై ఒక్క తప్పు చూపిస్తే 'ధన్యవాదాలు గురువుగారూ' అని దండం బొమ్మ పెట్టేడు. మిల్లులో ఒక్క ఫోర్‌మేను నాకు దండం పెట్టేడా? నన్ను చూస్తే మొహం తిప్పుకునేవోళ్ళే."

"దండం ఎందుకు పెట్టాడో తెలుసా?"

"వినయం."

"సరే. అది తర్వాత. ముందు ఇది చెప్పు. 'లేడీస్ సైకిల్' చదివావా?"

"ఏ సైకిలు?"

"మళ్ళీ మొదలెట్టావా తాతా. మల్లెమొగ్గ అనే కలం పేరుతో వస్తోంది. పదకొండు భాగాలు అయ్యాయి."

"చదివేను."

"దానికి ఒక్క స్టార్ ఇచ్చావు."

"ఇచ్చేను."

"రివ్యూ లేదు, ఏం లేదు. ఒక్క స్టార్. బస్, అంతే."

"ఆ కథకి మాటలేటి రాస్తానే అమ్మడూ."

"నువ్వు ఇంత కఠోరం అనుకోలేదు తాతా."

"నేనేటన్నానిప్పుడు?"

"ఆ మల్లెమొగ్గ రాయడం ఆపేసింది. ఎనిమిది రోజులైంది. ఆఖరి భాగం రావాలి, రాలేదు. రేపు పొద్దున్న కథ మొత్తం యాప్‌లోంచి తీసేస్తానంటోంది. పదకొండు భాగాలూ. నీ ఒక్క స్టార్ చూసి."

"ఆపేసిందా? నేను రోజుకి పదిసార్లు తీసి చూస్తన్నాను. పిల్లకి పరీక్షలేమో, వొంట్లో బాగోలేదేమో అనుకున్నాను. తీసేస్తాదా? కుసుమ సైకిలు ఎక్కకండానేనా?"

"ఎక్కకుండానే."

"అలాగెలా తీసేస్తాది? పదకొండు భాగాలూ ఆ పిల్ల సైకిలు పట్టుకుని నడిపించుకుంటూ తిరిగిందే. పక్కింటి ఆస్పత్రి నర్సమ్మ బదిలీ అయిపోయి ఇచ్చేసి వెళ్ళిన సైకిలు. తొక్కడం రాదు. రాదని చెప్పడానికి సిగ్గు. సెక్టర్ రెండు నుంచి పవర్ హౌస్ బజారు దాకా నడిపించుకెళ్ళి, బుట్టలో కూరలేసుకుని, మళ్ళీ నడిపించుకొచ్చేది. దార్లో అందరూ పంక్చరేమో అని జాలిపడేవారు. ఒకాయన పంపు కూడా తెచ్చి గాలి కొట్టేడు. నవ్వేను. నవ్వి నవ్వి, తరవాత కళ్ళజోడు తుడుచుకోవలసొచ్చింది."

"అంత నచ్చిందా?"

"నచ్చడమేటి? రెండేళ్ళలో నూట నలభై పుస్తకాలు చూసేను. ఒకటి పెట్టింది ఆ ఒక్కదానికే."

"అదే అడుగుతున్నా. నచ్చితే ఒకటి ఎందుకు పెట్టావు?"

"నచ్చితే ఒకటి పెట్టక అయిదు పెడతానేటి?"

"ఏంటి?"

"ఏటేటి?"

"తాతా. ఆగు. మెల్లగా చెప్పు. నీ లెక్కలో ఒకటి అంటే?"

"నువ్వు ఇనుము చూడలేదు గనక నీకు తెలీదు. నా జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ఉండేది. పట్టా చూసేక చివర్న గీత పెట్టేవాణ్ణి. ఒక గీత పెట్టేనంటే మచ్చలేని సరుకు. మెయిన్ లైనుకి పంపు, దానిమీద ఎక్స్‌ప్రెస్సు పరిగెట్టచ్చు. రెండు గీతలు, లూపు లైను. మూడు, గూడ్సు షెడ్డు. నాలుగు, ఎక్కడో ఫేక్టరీ లోపల. అయిదు గీతలు పడ్డాయా, తుక్కు. మళ్ళీ కొలిమికే. లోపం పెరిగితే గీత పెరుగుతాది. పక్కన లోపం పేరు రాయాలి. ఒక గీత పట్టా మీద ఏటీ రాయకూడదు. రాయడానికి ఏటీ లేదనే దానర్థం. మా సెక్షన్లో ఒక గీత పడిన పూట గేంగంతా టీ తెప్పించుకునేవారు."

"మరి యాప్‌లో?"

"అయిదు చుక్కలు కనపడ్డాయి. అయిదు గీతలకి అయిదు చుక్కలు. ఎవడో మన మిల్లోడే తయారు చేసుంటాడు అనుకున్నాను."

"హే భగవాన్. ఉల్టా, తాతా. మొత్తం ఉల్టా. అయిదు అంటే అన్నిటికంటే మంచిది. ఒకటి అంటే చెత్త."

"ఈ యాపులోనా?"

"ప్రపంచమంతా. హోటల్‌కి, ఫోన్‌కి, ఆటోకి, అన్నిటికీ."

"ఆటోకి కూడానా?"

"ఎందుకు?"

"మొన్న రుఆబాంధా వెళ్ళినప్పుడు ఆటో ఆయన స్టారు పెట్టమన్నాడు. గోతులు తప్పించి మెత్తగా తీసుకెళ్ళేడు, పెద్దమనిషి. ఒకటి పెట్టేను. ఫోను చూసుకుని నాకేసి అదోలా చూసేడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. కృతజ్ఞత అనుకున్నాను."

"తాతా."

"దిగేక భుజం కూడా తట్టేను."

"నాకు నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఆ 'రక్తచంద్రుడి హాస్టలు' ఉంది చూడు, ఇరవై ఒక్క తప్పు రాసి దానికి అయిదు స్టార్లు ఇచ్చావు. అందుకే వాడు దండం పెట్టాడు. కవర్ మీద కూడా వేసుకున్నాడు, 'చాక్‌పీస్ అయిదు స్టార్లిచ్చిన నవల' అని."

"చూసేను. చూసి, తన సరుకు తుక్కని తనే అట్ట మీద వేసుకున్నాడు, ఎంత నిజాయితీపరుడో అనుకున్నాను. మెచ్చుకుంటా ఉత్తరం కూడా రాసేను."

"జనం ఏమనుకుంటున్నారో తెలుసా? నువ్వు ప్రేమగా తిడతావని. పైకి తప్పులన్నీ చెప్పి, ఆఖర్న మనసు కరిగి అయిదు ఇచ్చేస్తావని. అది నీ స్టైల్ అట."

"స్టైలా. నాకా. నీ మామ్మ వింటే పడీ పడీ నవ్వుతాది."

"ఒక్కసారి కూడా డౌట్ రాలేదా నీకు? మిగతావాళ్ళు ఎన్ని ఇస్తున్నారో పక్కనే కనపడుతుంది."

"కనపడ్డాది. తుక్కు కథలకి లోకం ఒకటీ రెండూ పెడతన్నాది. మంచి కథలకి నాలుగూ అయిదూ పెడతన్నాది. చూసి..."

"చూసి?"

"లోకానికి సరుకు తెలీదు అనుకున్నాను."

"క్యా తాతా."

"నవ్వకు. 'లేడీస్ సైకిలు'కి నాలుగున్నర ఉంది. అయ్యో, ఇంత మంచి కథని తుక్కులో పడేస్తన్నారు, పిల్ల ఏడుస్తాదేమో, తెలిసినోడు ఒక్కడయినా ఉన్నాడని ఆ పిల్లకి తెలియాలి కదా అనుకున్నాను. కూర్చుని పెట్టలేదే ఆ ఒకటి. లేచి నిలబడి పెట్టేను."

"ఆమె రెండు రోజులు అన్నం తినలేదు."

"నీకెలా తెల్సు?"

"తెలుసు. ఫ్రెండ్. మత్లబ్, ఫ్రెండ్ లాంటిది."

"ఏ సెక్టరు పిల్ల?"

"దగ్గరే. బాగా దగ్గర."

"అనుకున్నాను. భిలాయి పిల్లే అయ్యుండాలి. సైరను కూత, ఎర్రదుమ్ము పడిన చీరలు మళ్ళీ తడిపి ఆరెయ్యడం, సెకండ్ షిఫ్టు మొగుడొచ్చే వేళకి అన్నం గిన్నె గోనెపట్టాలో చుట్టి ఉంచడం. మన ఇల్లు చూసి రాసినట్టే ఉంది. ఇప్పటి పిల్లకి అయ్యన్నీ ఎలా తెల్సునంటావు? వాళ్ళ మామ్మనడిగి రాస్తన్నట్టుంది."

"అలాంటిదే."

"మనింట్లో కూడా అప్పట్లో ఉండేదిలే అలాటి సైకిలు ఒకటి. ఎవరో వెళ్ళిపోతా వదిలేసేరు. తుప్పు పట్టి పోనాది."

"ఎవరు వదిలేశారు?"

"గుర్తులేదు. నాకు డ్యూటీలు కదా. నర్సమ్మో ఎవరో."

"నర్సమ్మ."

"ఊఁ. అది కాదు గానీ, ఆ కథలో నాకు నచ్చనిది ఒకటే. ఆ మొగుడు."

"ఏమైంది మొగుడికి?"

"పద్దెనిమిది నిండి నిండకముందే పెళ్ళయి వచ్చింది. ఊరు కాని ఊరు, హిందీ ముక్క రాదు. సైకిలు నేర్పండి అనడిగింది, పాపం. ఆడు 'వచ్చే ఆదివారం' అంటాడు. ఆ ఆదివారం వస్తాది. ఓవర్‌టైమంటాడు. మళ్ళీ వచ్చే ఆదివారం. తరవాత తలనొప్పి. మళ్ళీ వచ్చే ఆదివారం. పదకొండు భాగాలూ ఆడికి ఇంకో మాట రాదు. అలాటోడు ఉంటాడేటి లోకంలో? కథకి ఒక గీతే గాని, ఆ మొగుడికి వేరేగా పెట్టాలి అయిదు."

"నీ గీతలా, యాప్ స్టార్లా?"

"నా గీతలే. తుక్కు. ఎత్తి కొలిమిలో పడెయ్యాలి."

"గట్టిగా అనకు తాతా."

"ఎందుకు? నిజం అనడానికి భయమేటి? కొలిమిలో పడెయ్యాలి."

"సరే, సరే. గుర్తుపెట్టుకుంటాలే."

"నువ్వెందుకే మూతి బిగబట్టి నవ్వుతన్నావు?"

"ఏం లేదు. ఉప్మా అడ్డం పడింది."

"ఆ ఉప్మా సంగతే అడుగుదామనుకున్నాను. ఉప్పు లేదు. ఎనిమిది రోజుల్నించి ఈ ఇంట్లో దేన్లోనూ ఉప్పు లేదు. మీ మామ్మకేటయింది? రోజూ మూడింటికి డాబా ఎక్కి, విజయనగరంలో చెల్లితో గంటసేపు ఫోన్లో మాట్లాడేది. ఎక్కడం మానేసింది. ఇద్దరికీ ఏదో మాటా మాటా వచ్చినట్టుంది."

"చిన్నమామ్మ మధ్యాహ్నం ఫోను ఆపేసి పడుకుంటుంది తాతా. సాయంత్రం అయిదు దాకా లేవదు."

"అయితే మరి గంటసేపు ఎవరితో?"

"నువ్వే కదా ఇన్‌స్పెక్టర్. పట్టుకో."

"ఇప్పుడు దానికి టైము లేదు. ముందీ సైకిలు పిల్ల సంగతి చూడు. ఆ ఒకటి తీసి అయిదు చెయ్యడం ఎలాగ?"

"ఇక్కడ నొక్కు. అది కాదు, పక్కది. హాఁ. అయిదు. ఇప్పుడు పంపు."

"పంపేను. ఏదో టింగుమంది."

"కుక్కర్."

"కుక్కరు టింగుమనదు. కూతేస్తాది."

"ఎండేమో."

"వెటకారమా? సరే, ఇప్పుడు రెండు ముక్కలు రాయాలి. స్టారు మారిస్తే చాలదు. క్షమించమని అడగాలి. తప్పు చేసిన ఇన్‌స్పెక్టరు తప్పు ఒప్పుకోకపోతే ఆ పట్టా మీద రైలు పడిపోద్ది. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

"నాకు తెలుగు నాలుగు ముక్కలకి మించి చదవడం రాదు, కథలు యాప్ చదివి వినిపిస్తే వింటాను. టైపింగ్ ఎక్కడ? ఈ మైక్ నొక్కి మాట్లాడు. అదే రాసుకుంటుంది."

"మాట్లాడితే రాస్తాదా?"

"చాలామంది అలాగే రాస్తారు. డాబా ఎక్కి మరీ రాస్తారు."

"డాబా ఎందుకు?"

"సిగ్నల్ కోసం."

"ఊఁ. నొక్కు. నొక్కేవా? 'మల్లెమొగ్గ అమ్మాయికి చాక్‌పీసు రాయునది.' ఇలాగే రాయచ్చా?"

"ఉత్తరంలా ఉంది. పర్వాలేదు, చెప్పు."

"'నేను పట్టాల మిల్లులో పనిచేసినవాణ్ణి. మాకు ఒకటి అంటే అన్నిటికన్నా మేలైనది. ఈ యాపులో తిరగేసి ఉంటాదని డెబ్బై ఏళ్ళొచ్చినా నాకు తెలీలేదు. లోకమంతా తప్పు, నేనొక్కణ్ణే కరెక్టు అనుకున్నాను. ఈ జబ్బు మా ఇంట్లో అందరికీ తెల్సు. నీ కథకి నేను ఏటీ రాయకపోవడం, రాయడానికి ఏటీ లేక కాదు. మచ్చ కనపడక. నువ్వు నీ కథ తీసెయ్యకు. కుసుమ సైకిలు ఎక్కడం చూడాలని రోజుకి పదిసార్లు ఫోను తీస్తన్నాను. ఎక్కకపోతే నాకు అన్నం సయించదు. ఎలాగూ ఉప్పు లేదు.' ఆ ఉప్పు ముక్క తీసెయ్యి."

"తీయడం రాదు తాతా. పడిపోయింది."

"పోనీ. 'ఒక్క లోపం మాత్రం ఉంది.'"

"తాతా. క్షమాపణలో లోపమా?"

"ఉంటే చెప్పొద్దేటి? 'కుసుమ పొడుగో పొట్టో ఎక్కడా చెప్పలేదు. సైకిలు సీటు ఎంత ఎత్తులో పెట్టాలో తెలీడం లేదు. ఇట్లు, తలకిందుల చాక్‌పీసు.' పంపెయ్యి."

"పంపేశాను."

"మళ్ళీ టింగుమంది. నేను పంపినప్పుడే టింగుమంటన్నాది. వంటింట్లో. రాజీ."

"చెప్పు తాతా."

"డాబా. మూడింటికి. చెల్లి పడుకుంటాది. సిగ్నలు. ఎనిమిది రోజులు. ఉప్పు."

"హాఁ తాతా."

"గోనెపట్టాలో అన్నం గిన్నె. నర్సమ్మ సైకిలు."

"హాఁ."

"అయితే ఆ మొగుడు..."

"హాఁ తాతా."

"కొలిమి అన్నాను."

"రెండుసార్లు అన్నావు."

"వినపడుంటాదంటావా?"

"వినపడ్డాది."

ఆ మాట అన్నది రాజశ్రీ కాదు. గౌరీదేవి గారు చేతిలో ఫోనుతో వంటింటి గుమ్మం దాటి వరండాలోకి వచ్చారు.

"అయితే ఆ చాక్‌పీసు మీరేనన్నమాట."

"గౌరీ, అదీ... పేపరు చదువుతన్నాను."

"తలకిందులుగా ఉంది."

"ఉంది. ఇవాళ అన్నీ అలాగే ఉన్నాయి."

"'అమ్మాయికి' అని రాసేరు. అరవై నాలుగేళ్ళదాన్ని."

"ఇరవై దాటని పిల్ల అనుకున్నాను. చదువుతూంటే అలాగే ఉంది గౌరీ. నిజంగానే."

"మన ఇల్లు, మన గోనెపట్టా, మన నర్సమ్మ. ఒక్కటీ ఆనవాలు పట్టలేదా?"

"వెంట్రుకంత పగులైతే పట్టుకుందును. ఇంత పెద్దది కనపడలేదు."

"మామ్మా, తాతని తిట్టకు. పాపం నిలబడి పెట్టాడట ఆ ఒకటి."

"విన్నాన్లేవే. వంటింటికీ వరండాకీ మధ్య గోడ ఎంత మందం గనక. రెండేళ్ళ బట్టీ నేను ఆయన రివ్యూలన్నీ వింటన్నాను. ఎవరో గానీ ఒక్క తప్పూ వదలడు, మా ఇంట్లో మనిషిలాగే ఉన్నాడు అనుకునేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు గౌరీ, రాస్తన్నానని?"

"తప్పులు రాస్తారని. మీరెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

"నవ్వుదును."

"నవ్వు. ఎంతయినా నవ్వు. గానీ ఆ కథ తీసెయ్యకు. ఒక గీత చెరిపేసేను, అయిదు పెట్టేను. కావాలంటే నూట ముప్పై తొమ్మిది పుస్తకాలకీ తిరగేసి పెడతాను, ఆ హాస్టలోడి గుండె ఆగిపోయినా సరే. నా చాక్‌పీసు వల్ల నీ కథ ఆగిపోయిందంటే నేను తట్టుకోలేను."

"మీ ఒక్క స్టారు చూసి ఆపేసేననుకున్నారా?"

"కాదేటి?"

"మామ్మా, నువ్వే కదా నాతో అన్నావు, ఆ స్టార్ చూసి..."

"నీతో అలా అన్నాను. రెండ్రోజులు ముద్ద దిగని మాట నిజవే. మూడోరోజుకి కోపమొచ్చింది. ఎవడాడు నాకు ఒకటి పెట్టడానికి, ఆఖరి భాగం రాసి ఆడి మొహాన కొడతాను అని డాబా ఎక్కేను. మైకు నొక్కేను. 'కుసుమ సైకిలు ఎక్కింది' అన్నాను. అక్కడితో ఆగిపోయేను. అరగంట అలాగే నిలబడి దిగొచ్చేను. ఇంక మళ్ళీ ఎక్కబుద్ధి కాలేదు."

"ఎందుకని?"

"ఎక్కేక ఎలాగుంటాదో నాకేటి తెల్సు? గాలి మొహానికి తగుల్తాదా? కాళ్ళు వణుకుతాయా? ఆపాలంటే ఎలాగ? నడిపించుకెళ్ళడం వరకే నాకు తెల్సు. తెల్సినంతా పదకొండు భాగాలు చెప్పేసేను. మిగతాది మీరు నేర్పేక చెబుదామని చూస్తన్నాను. నలభై ఆరేళ్ళయింది, మీ వచ్చే ఆదివారం ఇంకా రాలేదు."

"రాజీ, ఇవాళ ఏ వారం?"

"ఆదివారం."

"నీ సైకిలుకి గాలుందేటి?"

"ఉంది. కానీ తాతా, మామ్మకి ఈ వయసులో... నీకు మోకాళ్ళు... వెనకాల ఎవరు పట్టుకుంటారు?"

"నేనే. ఈ చివర్నించి ఆ చివరిదాకా వొంగి నడవడం నాకు అలవాటే. ముప్పై ఎనిమిదేళ్ళు అదే చేసేను. ఈ వీధి ఒక పట్టా అంత ఉంటాది. ఏం గౌరీ? వస్తావా?"

"మీరు ఒక లోపం రాసేరు కదా ఇందాక."

"అది చెరిపేస్తాను. అలవాటు కొద్దీ అనేసేను."

"చెరపొద్దు. నిజవే, ఎక్కడా చెప్పలేదు. కుసుమ పొట్టిది. సీటు కిందికి దించండి."